ఉద్దానం తీరంలో ఇంటి గదులకు సొంతంగా రంగులు వేసుకోవడం

ఇంటి లోపలి గోడలకు ఇంటివాళ్లే వెల్ల వేసుకోవడం, రంగులు పూసుకోవడం శ్రీకాకుళం జిల్లా తీరానికి పాత అలవాటే. పెయింటరును పిలిచి చదరపు అడుగుకు ఇంతని మాట్లాడుకోవడం ఈమధ్య వచ్చింది. సంతబొమ్మాళి మండలంలోని మూలపేట, భావనపాడు మొదలుకొని టెక్కలి, పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి మీదుగా ఇచ్ఛాపురం దాకా ఉన్న ఊళ్లలో సంక్రాంతి దగ్గరపడుతోందంటే పెరట్లో సున్నం నానేది. ఇప్పుడు ఆ చోట ఎమల్షన్ బకెట్టు, రోలరు కనిపిస్తున్నాయి. సామాను మారింది కానీ గోడ గుణం మారలేదు. సముద్రానికి దగ్గరగా, ఉప్పు నేల మీద నిలబడిన గోడ తనలోకి ఎక్కిన తడిని ఎప్పటికప్పుడు బయటికి వదలాలి. వదలనిచ్చే పూత నిలుస్తుంది, మూతపెట్టే పూత పెచ్చులుగా ఊడిపోతుంది. ఈ తీరంలో గది రంగుల గురించి చెప్పవలసిన మాటల్లో ఎక్కువ భాగం దీని చుట్టూనే తిరుగుతాయి.

నేల, గాలి, ఇల్లు

మూలపేటకు ఒకపక్క బంగాళాఖాతం, ఇంకోపక్క కొద్ది దూరంలోనే నౌపడ ఉప్పు మడులు. సముద్రపు నీటిని ఎండగట్టి ఉప్పు తీసే నేలకు ఆనుకునే ఇళ్ల పునాదులు కూడా ఉన్నాయి. ఇంకాస్త ఉత్తరాన అసలు ఉద్దానం మొదలవుతుంది. ఇసుక నేలలు, కొబ్బరి తోటలు, జీడి, పనస చెట్లు. తోటల మధ్య ఇల్లు వేసవిలో చల్లగా ఉంటుంది. అదే నీడ వానాకాలంలో గోడలను ఆరనివ్వదు.

ఉత్తరాంధ్ర తీరంలో రెండు రకాల పాత ఇళ్లు ప్రసిద్ధం. మొదటిది గుండ్రటి మట్టిగోడ మీద తాటాకు కప్పిన చుట్టిల్లు. మూలలు లేకపోవడం వల్ల గాలివాన దాన్ని పట్టి లాగలేదు. రెండోది వీధి ఇల్లు. పక్కపక్క ఇళ్లకు ఉమ్మడి గోడలు, వీధి వైపు అరుగు, వెనక పెరడు, ఆ రెంటికీ మధ్య ఒకదాని వెనక ఒకటిగా గదులు. పక్కగోడలు ఉమ్మడివి కాబట్టి వాటికి కిటికీలు ఉండవు. నడిమి గదికి వెలుతురు ముందు గుమ్మం నుంచో వెనక గుమ్మం నుంచో రావాలి. రంగు వేయబోయేవాళ్లకు అన్నిటికంటే కష్టమైన గది అదే. అక్కడ పూత త్వరగా ఆరదు, చెమ్మకు బూజు పడుతుంది, ముదురు రంగు వేస్తే పగలే లైటు వేసుకోవాలి. వెల్లగదుల సంప్రదాయం ఇక్కడ ఇంతకాలం నిలవడానికి ఆ నడిమి గదుల చీకటి పెద్ద కారణమని చెప్పవచ్చు. మంచి తెలుపు తన మీద పడిన వెలుతురులో అయిదింట నాలుగు వంతులను తిరిగి గదిలోకి పంపుతుంది.

మట్టి, ఎర్రమన్ను, వెల్ల

మట్టిగోడ రోజుల్లో పని ఆడవాళ్ల చేతుల్లో ఉండేది. పేడ, మన్ను కలిపి గోడ అలికి, పగుళ్లు పూడ్చి, అడుగుభాగాన ఎర్రమన్నుతో పట్టీ తీర్చి, పైభాగానికి వెల్ల వేసేవాళ్లు. చీపురు తగిలి, నీళ్లు చింది మాసిపోయేది అడుగుభాగమే. అక్కడ ఎర్రరంగు ఉంటే మాసినట్టు కనిపించదు, చెడినచోట మళ్లీ పూయడం సులువు. ఇప్పటి ఇళ్లలో గోడ అడుగున నాలుగంగుళాల ఎత్తున ముదురు రంగుతోనో టైలుతోనో తీర్చే స్కర్టింగుది కూడా ఇదే పని. పెళ్లి కుదిరిన ఇంటికి సున్నాలు వేయడం తెలుగునాట అంతటా ఉన్న ఆచారం. కొత్త సున్నం చూసి ఫలానావారింట్లో శుభకార్యం ఉందని వీధి వీధంతా గుర్తుపట్టేది.

తీరంలో సున్నానికి ముడిసరుకు సముద్రమే ఇచ్చేది. నత్తగుల్లలు, ఆల్చిప్పలు బట్టీలో కాలిస్తే గుల్ల సున్నం వస్తుంది. కాల్షియం కార్బొనేటు సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడికి బొగ్గుపులుసు గాలిని వదిలేసి పొడిసున్నం అవుతుంది. దానిమీద నీళ్లు పోస్తే కుతకుత ఉడికి తడిసున్నంగా మారుతుంది. గోడ మీద పూశాక గాలిలోని బొగ్గుపులుసు గాలిని మళ్లీ పీల్చుకుని, కొన్ని వారాల్లో తిరిగి కాల్షియం కార్బొనేటుగా గట్టిపడుతుంది. అంటే గోడమీద చివరికి మిగిలేది గుల్లలో మొదట ఉన్న పదార్థమే. ఈ పూతలో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి, వాటిగుండా తడి ఆవిరై పోతుంది. పైగా సున్నానికి ఉన్న క్షార గుణం బూజును బతకనివ్వదు. చెమ్మ గదికి ఇంతకంటే తగిన పూత ఇంకా రాలేదనే ఈ వ్యాసకర్త అభిప్రాయం.

నానిన సున్నాన్ని పాత చీరగుడ్డలో వడకట్టి, పట్టు కోసం తుమ్మబంకో గంజో కలిపి, పచ్చదనం కనిపించకుండా చిటికెడు నీలిమందు వేసేవాళ్లు. ఈ నీలిమందు అల్ట్రామెరైన్ అయితే సున్నంలో వెలిసిపోదు, క్షారాన్ని తట్టుకునే రంగు అది. కుంచెకు కూడా బజారుకు పోనక్కరలేదు. తీరం పొడవునా పెరిగే మొగలి పొదల ఊడను జానెడు ముక్కగా కోసి, ఒక కొసను రాతిమీద పెట్టి రోకలితో దంచితే పీచు విడుతుంది. నీళ్లలో నానబెట్టి మళ్లీ దంచితే మెత్తటి కుంచె అవుతుంది. పందివెంట్రుకల బ్రష్షును సున్నం తినేస్తుంది, మొగలి పీచును అంత తొందరగా తినదు.

వెల్ల వేయడంలో ఒక చిక్కుంది. తడిగా ఉన్నప్పుడు పూత కంటికి ఆనదు, దాని కిందినుంచి గోడ కనిపిస్తూనే ఉంటుంది. చేయి తిరగనివాళ్లు అది చూసి చిక్కగా పట్టిస్తారు. ఆరాక అది పగిలి పొడిపొడిగా రాలుతుంది. పాలలా పలచగా కలిపి, గోడను ముందు నీళ్లతో తడిపి, మొదటి చేయి నిలువుగా, రెండోది అడ్డంగా, ఆరనిచ్చి మూడోది మళ్లీ నిలువుగా వేస్తే తెలుపు మర్నాటికి తేలుతుంది.

ఈ జిల్లా చుట్టుపక్కల గది గోడను తెలుపు చేసి వదిలేయని సంప్రదాయాలు కూడా ఉన్నాయి. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండల్లోని సవరలు ఇంటి లోపలి గోడకు ఎర్రమన్ను పూసి, దానిమీద బియ్యపుపిండి తెలుపుతో ఇడితాల్ అనే బొమ్మ వేస్తారు. పెద్దల కోసం, దేవతల కోసం, జబ్బు నయం కావాలని, పంట బాగుండాలని వేసే బొమ్మ అది. ఇంటాయనకు చేతనైతే ఆయనే వేస్తాడు, లేకపోతే ఆ విద్య తెలిసినవాణ్ణి పిలుస్తారు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం మీద ప్రచురించిన పెద్ద గ్రంథంలో వీటి గురించి వివరంగా రాశాడు. ఇక సరిహద్దు ఊళ్ల ఒడియా ఇళ్లలో మార్గశిర మాసపు గురువారాల్లో లక్ష్మీపూజకు బియ్యప్పిండి జారుతో ఝోటి ముగ్గులు నేలమీద, గోడలమీద వేస్తారు.

డబ్బా రంగులు

సున్నం తర్వాత వచ్చింది డిస్టెంపరు. సుద్ద పొడిలో జిగురు, రంగు కలిపి తయారుచేసేది. తడిగుడ్డ పెడితే చేతికొచ్చేది కానీ చవక, పైగా సున్నానికి లేని రంగులు దానిలో దొరికేవి. 1942లో బొంబాయిలో మొదలైన ఏషియన్ పెయింట్స్ చిన్న డబ్బాలతో చిన్న ఊళ్లకు చేరింది. 1954లో కార్టూనిస్టు ఆర్.కె.లక్ష్మణ్ గీసిన గట్టు అనే పిల్లవాడి బొమ్మ ఆ డబ్బాల మీద తరతరాలకు గుర్తుండిపోయింది. నూనె రంగుల స్థానంలో నీళ్లతో కలిపే ఎమల్షన్లు, రోలర్లు రావడంతో పని తీరే మారింది. వాసన తగ్గింది, రెండు మూడు గంటల్లో పూత ఆరుతోంది, చేయి తిరగని మనిషి కూడా ఒక గోడను చారలు పడకుండా వేయగలుగుతున్నాడు. ఇప్పుడు విశాఖపట్నానికి దక్షిణాన ఉన్న ఆ కంపెనీ కర్మాగారంలో కూడా ఈ రంగులు తయారవుతున్నాయి.

ఈ డబ్బాల్లోని తెలుపు గురించి ఇక్కడివాళ్లు తెలుసుకోదగ్గ సంగతి ఒకటుంది. ఆ తెలుపును ఇచ్చేది టైటానియం డయాక్సైడు. ఇరవయ్యో శతాబ్దిలో అది విషపూరితమైన సీసపు తెలుపును రంగుల నుంచి తప్పించింది. దాని ఖనిజాల్లో ముఖ్యమైనది ఇల్మనైట్. నల్లగా, బరువుగా ఉండే ఆ రేణువులు భావనపాడు, కళింగపట్నం తీరాల ఇసుకలో ఉన్నాయి. అల వెనక్కి తగ్గాక ఒడ్డున నల్లటి చారలుగా కనిపించే ఇసుక అదే. సరిహద్దు దాటితే గంజాం జిల్లా ఛత్రపూర్‌లో ఐఆర్‌ఈఎల్ (పూర్వపు ఇండియన్ రేర్ ఎర్త్స్) సంస్థ అటువంటి ఇసుక నుంచే ఇల్మనైట్‌ను వేరుచేస్తోంది.

ఉప్పు పట్టిన గోడ

తీర గ్రామాల్లో కొత్త రంగు ఏడాదికే ఊడిందంటే తప్పు చాలావరకు రంగుది కాదు. నేల నుంచి తడి గోడలోకి ఎగబాకుతుంది. ఇటుక, సిమెంటు లోపలి సన్నటి రంధ్రాలగుండా అది రెండు మూడు అడుగుల ఎత్తు సులువుగా ఎక్కుతుంది. వచ్చేటప్పుడు నేలలోని ఉప్పును వెంట తెస్తుంది. ఉప్పు తగిలిన ఇసుకతోనో ఉప్పునీటితోనో కట్టిన గోడైతే ఉప్పు మొదటినుంచీ లోపలే ఉంటుంది. తడి గోడ పైపొరకు వచ్చి ఆవిరైపోతుంది, ఉప్పు అక్కడే గడ్డకడుతుంది. ఆ స్ఫటికాలు పెరుగుతూ సిమెంటు పూతను, రంగును లోపలినుంచి నెట్టుకొస్తాయి.

తిండికి వాడే ఉప్పుకే ఇంకో గుణం ఉంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే అది గాలిలోని నీటిని లాక్కుని కరుగుతుంది, తేమ తగ్గితే మళ్లీ గడ్డకడుతుంది. మూలపేట వంటి ఊళ్లో ఆ హద్దును గాలి తరచూ దాటుతూ ఉంటుంది. వాన లేకపోయినా, పైపు పగలకపోయినా గోడ ఒకనాడు చెమర్చి ఇంకోనాడు తెల్లగా బూడిద పూసుకోవడానికి కారణం అదే. దీన్ని చాలామంది స్లాబు కారడం అనుకుని పైన డబ్బు పోస్తారు.

ఈ గోడమీద మందపాటి ప్లాస్టిక్ పూత వేస్తే ఆవిరికి దారి మూసుకుంటుంది. ఉప్పు పూత వెనకే గడ్డకట్టి బుడగలు లేపుతుంది. అడుగుభాగాన గట్టి సిమెంటు పూత వేసి ఆపుదామనుకుంటే తడి ఇంకా పైకెక్కి ఆ పూత అంచుకు పైన బయటపడుతుంది. కుళ్లిన చోటును, దానికి పైన మరో అడుగు మేర గీకి, సున్నపు గచ్చు వేయించి, దానిమీద వెల్లతో సరిపెట్టుకోవడం ఎక్కువకాలం నిలిచే దారి. ఆ గచ్చు కూడా కొన్నేళ్లకు ఉప్పు పీల్చుకుని పాడవుతుంది. అప్పుడు దాన్ని తీసి మళ్లీ వేసుకోవాలి, లోపలి ఇటుక మాత్రం దక్కుతుంది. తెల్ల బూడిదను పొడి బ్రష్షుతో దులిపి చేటలోకి ఎత్తి బయట పారేయాలి. నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ పని ఈ గోడలకు అసలు పనికిరాదు, చెమ్మకు అది మెత్తబడుతుంది.

గోడలో తడి ఉందో లేదో తెలుసుకోవడానికి పైసా ఖర్చులేని పరీక్ష ఉంది. అడుగున్నర చదరం పాలిథిన్ ముక్కను గోడకు పరిచి నాలుగంచులూ టేపుతో గాలి పోకుండా అంటించి, రెండు రోజులు ఉంచాలి. గోడవైపు చెమ్మ పడితే తడి గోడలోంచి వస్తోంది. గదివైపు పడితే అది గాలిలోని తేమ, కిటికీలు తెరిచి గాలి ఆడనిస్తే తగ్గుతుంది. రంగు కొనడానికి ముందు గోడ అడుగున ఒకచోట, ఛాతీ ఎత్తున ఒకచోట ఈ పరీక్ష చేయాలి.

పని వరస

ఈ తీరంలో రంగులకు అనువైన కాలం పుష్యం నుంచి ఫాల్గుణం దాకా, అంటే సుమారు జనవరి నుంచి మార్చి వరకు. వానలు తగ్గి ఉంటాయి, గోడలు ఆరి ఉంటాయి, ఎండలు ఇంకా ముదరవు. పండగకు ముందు వెల్ల వేసే పాత అలవాటు ఈ లెక్కకు దగ్గరగానే ఉంది. పొద్దున మంచు తేమ పోయాక మొదలుపెట్టి, మధ్యాహ్నం సముద్రపు గాలి బలపడేలోగా ఒక పూత ముగించుకోవడం మంచిది. ఒడ్డుకు బాగా దగ్గరగా ఉన్న ఇళ్లలో ఆ గాలి తెచ్చే ఉప్పు పూతకీ పూతకీ మధ్య కూడా పేరుకుంటుంది. కాబట్టి కిటికీ ఊచల్లాంటి ఇనుప సామాను తుప్పు గీకి, మంచినీటి గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, రెడ్ ఆక్సైడు వేశాకే ఎనామిల్ వేయాలి.

పది అడుగులకు పన్నెండు అడుగుల గది, పది అడుగుల ఎత్తు అనుకుందాం. నాలుగు గోడలు కలిపి 440 చదరపు అడుగులు. గుమ్మం, కిటికీ తీసేస్తే సుమారు 400. నున్నటి గోడమీద లీటరు ఎమల్షన్ రెండు పూతలకు 60 చదరపు అడుగుల దాకా వస్తుంది. ఏడు లీటర్లు కావాలి. సీలింగు 120 చదరపు అడుగులకు ఇంకో రెండు లీటర్లు. గరుకు గోడైతే ఈ లెక్క సరిపోదు. రంగు కలిపించి తెచ్చుకునేటప్పుడు గదికి కావలసిందంతా ఒకేసారి తెచ్చి, ఒక పెద్ద బకెట్టులో కలిపేసుకోవాలి. తర్వాత తెచ్చిన లీటరు రవ్వంత తేడాగా ఉంటే గోడ మధ్యలో అతుకు కనిపిస్తుంది.

పాత గోడను అరచేత్తో గట్టిగా రాసి చూడాలి. చేతికి తెల్లపొడి అంటితే అది సున్నమో పాత డిస్టెంపరో. దానిమీద ఎమల్షన్ వేస్తే గోడకు కాక ఆ పొడికి అంటుకుని, రెండో ఏడు రేకులుగా లేస్తుంది. తీరంలో సొంతంగా రంగులు వేసుకునేవాళ్ల పని ఎక్కువగా చెడేది ఇక్కడే. పొడి మొత్తం పోయేదాకా తడిపి గీకడం విసుగు పుట్టించే పనే, మొత్తం శ్రమలో సగం దానికే పోతుంది. గీకాక పగుళ్లకు లప్పం పెట్టి, ఆరాక ఎమరీ కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, ప్రైమరు వేయాలి. చెమ్మ వాలకం ఉన్న గోడకు తెల్ల సిమెంటు లప్పమే వాడాలి.

రంగు ఎంచుకునేటప్పుడు కార్డు మీది చదరం చూసి నమ్మకూడదు. రెండడుగుల మేర గోడమీదే పూసి, ఆరాక పగటి వెలుతురులో ఒకసారి, ట్యూబులైటు కింద ఒకసారి చూడాలి. నాలుగు గోడలకూ పరుచుకున్నాక అదే రంగు ఇంకా ముదురుగా కనిపిస్తుంది.

ముందు సీలింగు, తర్వాత గోడలు, తర్వాత తలుపులు, కిటికీలు, చివర స్కర్టింగు. మెయిన్ ఆపి స్విచ్ బోర్డు పలకలు వదులుచేసుకోవాలి. రెండంగుళాల బ్రష్షుతో మూలలు, అంచులు జానెడు వెడల్పున తీర్చి, అవి ఆరకముందే రోలరు అందుకోవాలి. రోలరును రంగులో ముంచి జల్లెడ మీద పిండి, గోడమీద ఏటవాలుగా నాలుగు గీతలు పారించి, వాటినే నిలువుగా పరవాలి. ఒక గోడ మొదలుపెడితే మూల నుంచి మూలకు ఆపకుండా వెళ్లాలి. మధ్యలో అన్నానికి లేస్తే ఆరిన అంచు మీద రెండో పూత పడి చార మిగులుతుంది. నీళ్లు డబ్బా మీద రాసినంతే కలపాలి. అంతకు మించి కలిపి ఆదా చేసిన రంగుకు బదులు మూడో పూత వేయవలసి వస్తుంది.

తుపాను తరువాత

ఉద్దానం వాసులకు గోడలు తడవడం ఏటా ఉన్న భయమే. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాసకు దగ్గరలో తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. పైకప్పు లేచిపోయిన ఇంట్లో గోడలు నిలువునా తడుస్తాయి. నీరు తీసిన వారానికి పైపొర ఆరినట్టు కనిపిస్తుంది, లోపలి ఇటుకకు నెలలు పడుతుంది. దీపావళికో సంక్రాంతికో ఇల్లు బాగుచేసుకోవాలన్న ఆరాటం ఎవరికైనా సహజం. అలాంటప్పుడు ఎమల్షన్ జోలికి పోకుండా వెల్ల వేసుకుంటే ఇల్లు శుభ్రంగా కనిపిస్తుంది, గోడ ఆరుతూనే ఉంటుంది, బూజు చస్తుంది.

ఒంటికి జాగ్రత్త

సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం. వెంటనే పావుగంట తగ్గకుండా ధారగా నీళ్లు పోస్తూ కడిగి ఆసుపత్రికి పోవాలి. సీలింగుకు వెల్ల వేసేటప్పుడు కళ్లద్దాలు లేకుండా నిచ్చెన ఎక్కకూడదు.

పాత తలుపుల మీది పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఎనామిళ్లలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని పది లక్షల పాళ్లకు 90 పాళ్లకు పరిమితం చేసిన నిబంధనలు 2016లో వచ్చాయి, 2017 నవంబరు నుంచి అమలయ్యాయి. అంతకు ముందు వేసిన ఎనామిల్‌ను పొడిగా రుద్దితే ఆ దుమ్ము పసిపిల్లల మెదడుకు చేటు. తడిపి రుద్దాలి, పిల్లలనూ గర్భిణులనూ ఆ రెండు రోజులు ఇంకో ఇంట్లో ఉంచాలి. అమెరికాలో స్థిరపడి పాత ఇల్లు కొనుక్కునే తెలుగువాళ్లకు కూడా ఇది వర్తిస్తుంది. అక్కడ ఇళ్ల రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు, అంతకు ముందు కట్టిన ఇంటి గోడల మీద అది ఉండవచ్చు. 

కొత్త గోడలు

2023 ఏప్రిల్ 19న మూలపేట పోర్టుకు శంకుస్థాపన జరిగింది. అంతకు ముందు దాన్ని భావనపాడు పోర్టు అనేవారు. నిర్వాసితులయ్యే మూలపేట, విష్ణుచక్రం కుటుంబాలకు నౌపడ దగ్గర పునరావాస కాలనీ తలపెట్టారు. పోర్టు పనులతో చుట్టుపక్కల ఇతర కట్టడాలూ పెరుగుతాయి. ఇవన్నీ కొత్త సిమెంటు గోడలు. కొత్త గోడలో నీరు, క్షారం రెండూ నిండుగా ఉంటాయి. కనీసం నాలుగు వారాలు ఆగకుండా రంగు వేస్తే క్షారం దాన్ని కొరికి మచ్చలు తేలుస్తుంది. ఈ తీరంలో నాలుగు వారాలు కూడా చాలవు, ఒక ఎండాకాలం గోడ మీదుగా పోనివ్వాలి. గృహప్రవేశానికి గోడ బోసిగా ఉండకూడదనుకుంటే నీళ్ల ప్రైమరు ఒక పలచటి పూత వేసి వదిలేసి, తర్వాతి శీతాకాలంలో రంగు వేసుకోవచ్చు. వెల్ల వేయదలచినవాళ్లు మాత్రం మొదటే ఒక నిర్ణయానికి రావాలి. వెల్ల వేసిన గోడకు ఏటా వెల్లే వేసుకుంటూ పోతే హాయి. నాలుగేళ్ల తర్వాత ఎమల్షన్ మీద మనసు పడితే ఆ నాలుగేళ్ల సున్నాన్నీ సిమెంటు పూత దాకా గీకక తప్పదు.